బయటివాళ్ల గడి

మొన్న మధ్యాహ్నం మా గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద కాగితాలు. ఎండకి మొహం కందిపోయింది. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగమంటే తాగలేదు. సాయంత్రానికి ఇంకా చాలా ఇళ్లు పూర్తిచెయ్యాలట.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ఎప్పుడు?" అన్నాను.

"ఎప్పుడంటే... మామూలుగానండీ."

"మామూలుగా ఇద్దరం. నిన్న ఐదుగురం. ఈ పూట నేనొక్కదాన్నే. వీటిలో నీకేది కావాలి?"

ఆ అమ్మాయి నన్నొకసారి చూసి 'నాలుగు' అని రాసుకుంది. ఆ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అమ్మాయికే తెలియాలి. తరవాత కుళాయి నీళ్ల మీద నా అభిప్రాయం అడిగింది. నేను నోరు తెరిచేలోపలే 'ఫరవాలేదు' దగ్గర టిక్కు పెట్టేసింది. నా మొహంలో ఎవరికైనా 'ఫరవాలేదు' కనిపించడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆ 'ఎప్పుడు?' నాది కాదు. ఒకాయన దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆయన పోయి నాలుగేళ్లయింది. పొందూరు నుంచి బట్టలు తెచ్చి అమ్మే ఆవిడ, పంచె మడత విప్పి అంచు చూపిస్తూ, "మా వీధిలో ఆ సర్వే ఆయన పోయార్లెండి" అని మాటల మధ్యలో అనేసి ఇంకో పంచె విప్పింది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒక ఊళ్లో ఆ పేరు ఇప్పటికీ ఎవరూ పలకరు. నేను రాసి పలికించడం ఎందుకు?

అరవైల చివరి మాట. వాల్తేరులో ఎం.ఏ. ముగించి, ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయన్న ధీమాతో తిండి సర్వేలో ఇన్వెస్టిగేటరుగా చేరాను. పల్లెల్లో జనం రోజుకి ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అన్నది లెక్క తియ్యడం మా పని. ఆఫీసు విజయనగరంలో ఒక మేడ మీద రెండు గదులు. ఆయన మా సూపర్వైజరు. మేం మేస్టారూ అనేవాళ్లం, పల్లెల్లో లెక్కల బాబు అనేవారు.

ఊరి పొలిమేర రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. ఎందుకు మేస్టారూ అంటే, "చెప్పుల చప్పుడు వింటే కోడళ్లు లోపలికి పోతారమ్మా. అత్తలు బయటికొస్తారు. మనకి కావలసింది కోడలు" అనేవారు. మునసబు మంచం వేయిస్తే కూర్చునేవారు కాదు. ఏ ఇంటికెళ్లినా ఆ ఇంటి అరుగు కంటే కింద, నేలమీదే. సంచీలో ఒక ఇత్తడి సోల ఉండేది. పిండి ఎంత పోశారని అడగడం కాదు, ఆ సోల ఇచ్చి, నిన్న పోసినంత పోసి చూపించమనేవారు.

నా మొదటి ఊరు నాకింకా గుర్తే. మునసబు మనిషి పక్కన నిలబడి ఉండగా ఒక ముసలామెని అడిగాను, ఏం తింటారని. "మూడు పూటలా వరన్నవేనమ్మా" అంది. రాసుకున్నాను. మేస్టారు ఆ కాగితం చూసి, "ఎప్పుడు?" అని, మునసబు మనిషిని బీడీ అగ్గిపెట్టె తెమ్మని పంపించి (ఆయన బీడీ కాల్చరు), మళ్లీ అదే ఇంటికి తీసుకెళ్లారు. ముసలామెని కాదు, రోలు దగ్గర ఉన్న కోడల్ని అడిగారు. మాతో పుస్తకంలా మాట్లాడే మనిషి, గుమ్మం ముందు కూర్చోగానే ఆ ఊరివాడైపోయేవారు. అక్కడ సారిని పాలి అంటారు, రాగిని సోడి అంటారు.

"నిన్న పొయ్యి ఎన్నిపాలులు ఎలిగించినావమ్మా?"

"ఒక్కపాలే బాబూ."

"ఏటి కాసినావు?"

"సోడి అంబలి. మరింకేటి కాస్తాం?"

బయటికొచ్చాక నేను మండిపడ్డాను. "ఆ ముసలిది నాతో నిలువునా అబద్ధం చెప్పింది."

"అబద్ధం కాదు. పట్నం పిల్ల ఇంటికొచ్చింది, అంబలి తాగుతామని చెప్పుకుంటుందా? నీకు మర్యాద చేసింది. నువ్వు ఆ మర్యాదని అన్నం కింద రాసేశావు."

నేను ఊరుకునే రకం కాదు. మనిషిని బట్టి మాట మారేటప్పుడు సర్వేలెందుకన్నాను. కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త రైలుదారి పడిన రోజులవి. మేం కాగితాలు తీస్తే రైలుకి భూములు తీసుకుంటారని ఒక ఊళ్లో అందరూ భూమిలేని వాళ్లైపోయారు. పక్క ఊళ్లో రేషను వస్తుందని అందరూ పస్తులున్నవాళ్లైపోయారు. ఇదంతా కలిపి కూడితే ఏం వస్తుంది, చింతపండా?

ఆయనకి కోపం రాదు. "ఎందరు ఆకలితో ఉన్నారో సర్వే చెప్తుంది. ఎందుకున్నారో చెప్పదు. ఆ రెండోదాని కోసం ఇంకో దారి వెతుక్కో, నేనొద్దన్నానా? కానీ మొదటిది తెలీకుండా రెండోది మాట్లాడేవాళ్లని ఉపన్యాసకులంటారు. వాళ్లు మనకి చాలామందే ఉన్నారు." కాసేపు నడిచి, "అడిగేవాడు సరిగ్గా అడిగితే జనం నిజమే చెప్తారమ్మా. నిజం చెప్పడం వాళ్లకి తేలిక. గుర్తుపెట్టుకోవక్కర్లేదు" అన్నారు.

ఒకసారి మాలో ఒక నలభై ఏళ్లాయన ఊరికెళ్లకుండా శృంగవరపుకోటలో కాఫీ హోటల్లో కూర్చుని పది ఇళ్ల కాగితాలు నింపేశాడు. ఎలా తెలిసిందో, మేస్టారు ఒక్క చూపులో పట్టేశారు. "పది ఇళ్లలో ఒక్క ఇంట్లోనైనా నిన్న జ్వరమొచ్చి తిననివాడు ఉండడా?" అని మాత్రం అడిగి, ఆ సాయంత్రమే ఇంటికి పంపించేశారు. ముగ్గురు పిల్లలవాడని నేను అడ్డుపడితే, "నేను చూడని మనిషిని నేను రాయను. అంతకంటే మనకి వేరే మతం లేదు" అన్నారు. ఆ మాట మీద ఆయనతో రెండురోజులు మాట్లాడలేదు నేను.

మా కాగితంలో ఒక గడి ఉండేది. ఇంటివాళ్లు కాక నిన్న ఆ ఇంట్లో తిన్నవాళ్లెందరు అని. మేం బయటివాళ్ల గడి అనేవాళ్లం. అందులో కుట్రేమీ లేదు. నలుగురున్న ఇంట్లో చుట్టాలు ఇద్దరు తిని వెళ్తే, ఆ ఇద్దర్నీ లెక్కలోంచి తియ్యకపోతే ఆ నలుగురూ కడుపునిండా తిన్నట్టు తేలుతుంది. అంతే. పాఠం చెప్పేటప్పుడు మేస్టారు ఆ గడి దగ్గర అరగంట ఆగేవారు.

ఆ ఏడు కోతలయ్యాక ఊళ్ల తీరు మారింది. కొండల వారనున్న పల్లెల్లో మేం అడుగుపెడితే కుక్కలు మొరిగేవి కావు. ఎవరో అప్పటికే వాటికి కొత్తమనుషుల్ని అలవాటు చేసినట్టు. శృంగవరపుకోట బస్సు స్టాండు దగ్గర టార్పాలిను కప్పిన లారీలు వరసగా నిలబడి ఉండేవి. అందులో సరుకేమిటని ఎవరూ అడిగేవారు కాదు. ఒక ఊరి బళ్లో పిల్లల్ని పంపించేసి పోలీసులు మకాం పెట్టారు. కొండమీద కొందరున్నారని, చీకటిపడితే దిగి వస్తారని చెప్పుకునేవారు. వాళ్లని మంచివాళ్లనేవారూ, చెడ్డవాళ్లనేవారూ గొంతు తగ్గించి ఒకేలా మాట్లాడేవారు.

ఆ రోజుల్లోనే ఆ ఊరికెళ్లాం. ముప్పై నాలుగు గడపల ఊరు. కాస్త వరి, మిగతాదంతా రాగులూ సజ్జలే, అక్కడి మాటలో చోళ్లు, గంటెలు. ఊరి చివర ఇంట్లో ఒక ముసలామె, కోడలు, ఇద్దరు మనవలు. కొడుకు ఖరగ్‌పూర్‌లో పనిచేస్తాడు. ముసలామె సోల తీసుకుని, నిన్న అంబలికి పోసినంత పిండి పోసి చూపించింది. తొమ్మిది సోలలు. నలుగురికి నాలుగు పోస్తే ఎక్కువ.

మేస్టారు నా వైపు చూశారు, నువ్వడుగు అన్నట్టు.

"ఏం అవ్వా, నలుగురికి తొమ్మిది సోలలా? ఈ గుంటలిద్దరూ బకాసురులేమిటి?" అన్నాను.

కోడలు మొహం తిప్పుకుంది. ముసలామె నవ్వింది. "నీ నోటికి గడియ లేదేటే అమ్మా."

"లేదు. చెప్పు."

ఆమె నన్నొదిలేసి మేస్టారు వైపు తిరిగింది. "సెప్తే నా మీదకి ఏటైనా వస్తాదా బాబూ?"

"రాదు. నీ మాట ఈ కాగితం దాటదు" అన్నారాయన. ప్రతి గడప దగ్గరా చెప్పే మాటే అది. ఆ రోజు కాస్త నెమ్మదిగా చెప్పారు.

"బయటోల్లు అయిదుగురు తిన్నారు. ఎవులని అడక్కండి. ఆకలని వచ్చినారు, పోసినాను."

ఆ ఊళ్లో అలా చెప్పిన ఇళ్లు మొత్తం ఏడు. ఏడిళ్లలో కలిపి ముప్పై ఎనిమిది మంది.

తిరుగుదారిలో పోట్లాడాను. ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను. రోజులు బాగోలేవన్నాను.

"వదిలేస్తే ఆ ముసలామె ఇంట్లో మనిషికి రెండు సోలల పైన తింటున్నారని తేలుతుంది. ఊళ్లో తిండికి కొదవ లేదని పైవాళ్లు రాసుకుంటారు. చవకధాన్యం డిపో ఇంకో ఊరికి పోతుంది. ఇంకొకళ్లకి అన్నం పెట్టిన పాపానికి వాళ్లు పస్తుండాలా?"

ఒప్పుకున్నాను. నిజానికి లోపల గర్వంగా కూడా ఉంది. ఎవరికీ చెప్పని మాట మాకు చెప్పారు కదా. ఆ వారం కార్డులో ఊరి మొత్తాలన్నీ వేసి, మామూలుగానే హెడ్డాఫీసుకి పోస్టు చేశాం. ఇళ్ల కాగితాలు మా గది బీరువాలో ఉండిపోయాయి.

మూడు వారాల తరవాత ఒక శుక్రవారం పోలీసు ఇన్స్పెక్టరు మేడెక్కి వచ్చాడు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. మంచినీళ్లడిగి తాగాడు. నెమ్మదైన మనిషి. అందుకే నాకు భయం వేసింది.

"మీ పని చాలా బాగుందండీ" అన్నాడు. "మావాళ్లు వెళ్తే ఊరు ఊరంతా మూగదైపోతుంది. కొట్టినా నోరు విప్పరు. మీరు నేలమీద కూర్చుని అడిగితే చెప్పేశారు. ఏం కిటుకండీ అది?"

మేస్టారు ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

"మీ హెడ్డాఫీసు చూపించిన కార్డులో ఒక ఊరికి ఎదురుగా ముప్పై ఎనిమిది అని ఉంది. పెళ్లి లేదు, తద్దినం లేదు, ఒక్కరోజులో ముప్పై ఎనిమిది మంది చుట్టాలా? ఏ ఇళ్లో చూడాలి. సోమవారం జీపు పంపిస్తాను."

ఇన్స్పెక్టరు మెట్లు దిగకముందే మా హెడ్డాఫీసు నుంచి తంతి వచ్చింది. సహకరించమని.

ఇళ్ల కాగితాలు కాల్చేద్దామన్నాను నేను. మేస్టారు తల అడ్డంగా ఊపారు. "కాలిస్తే ఏమవుతుంది? ముప్పై ఎనిమిది వాళ్ల దగ్గర ఉంది. మొత్తం దొరికింది, ఇళ్లు దొరకలేదంటే మళ్లీ వాళ్లే వెళ్లి అడుగుతారు. వాళ్లు అడిగే పద్ధతిలో."

"అయితే ఆ ముప్పై ఎనిమిదినీ ఇంటికొకటి చొప్పున పంచిపెట్టెయ్యండి, పప్పుబెల్లాల్లాగ. ఊరంతా సమానమైపోతుంది" అన్నాను. వెటకారంగానే అన్నాను. దేవుడెరుగు, అది వెటకారమే.

ఆయన బీరువా తెరిచి, ఖాళీ కాగితాలు ఎన్నున్నాయో లెక్కపెట్టారు.

ఆదివారం పొద్దున్న ఇద్దరం కూర్చున్నాం. ముప్పై నాలుగు కొత్త కాగితాలు. ఇంటికొక బయటి మనిషి, నాలుగిళ్లకి ఇద్దరేసి. ముప్పై ఎనిమిది. ముసలామె ఇంటికి ఒక్కరు. మునసబు ఇంటికి కూడా ఒకరు, ఆయన్ని వదిలేస్తే అనుమానం వస్తుందని. పిండి కొలతలు కూడా దానికి తగ్గట్టు మార్చాలి కదా. మేస్టారు ప్రతి ఇంటికీ సోలలు, గిద్దలు సరిగ్గా లెక్కకట్టి చెప్తుంటే నేను రాశాను. ఒక ఇంట్లో జ్వరపడిన పిల్ల తినలేదని కూడా రాయించారు. కాఫీ హోటల్లో కూర్చుని రాసినందుకు ఒకడి నోటి దగ్గర కూడు తీసేసిన మనిషి, అబద్ధం కూడా కొలతల ప్రకారమే రాశారు.

"ఏడిళ్లైతే ఏడిళ్ల మీదా పడతారు" అన్నారు చివరి కాగితం అయ్యాక. "ఊరంతా ఒకలాగే ఉంటే ఎవరి మీద పడతారు? సగటులో మనిషి దొరకడమ్మా."

నమ్మాను. చదువుకున్నవాళ్లం కదా, ఇద్దరం నమ్మాం. పాత కాగితాలు నీళ్ల పొయ్యిలో పెట్టాం. సోమవారం జీపు వచ్చింది, కట్ట తీసుకుని వెళ్లింది. ఇన్స్పెక్టరు రసీదు కూడా పంపించాడు.

గురువారం మేం ఆ పక్క ఊరికి బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు చింపుతూ ఆగాడు. "ఆ ఊరి మీంచి ఎల్తారేటమ్మా? ఎల్లకండి. ఊర్లో మొగోడన్నోడు లేడు. నిన్న రెండు లారీలొచ్చినాయి."

మేస్టారు ఆ ఊరి దగ్గరే దిగిపోయారు. నేనూ దిగాను.

పొలిమేరలో ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. కళ్లాల్లో నూర్చిన చోళ్లు ఎత్తకుండా అలాగే పడి ఉన్నాయి, కోళ్లు తింటున్నాయి. మగవాళ్లున్న ప్రతి ఇంట్లోంచీ ఒక మనిషిని లారీ ఎక్కించారు. అన్ని ఇళ్లలోనూ పెట్టారని కాగితంలో ఉంది కాబట్టి ఎవర్నీ ఏమీ అడగలేదట. మునసబు ఇంటికి మాత్రం ఇన్స్పెక్టరు వెళ్లి కాఫీ తాగాడట.

మొదటి గుమ్మంలోనే ఒకామె మమ్మల్ని చూసి లోపలికి కేకేసింది. "ఒసే రాయే, లెక్కల బాబొచ్చినాడు." తరవాత మా వైపు తిరిగి, "ఈపాలి ఏటి రాస్తారు బాబూ? నా మొగుడు ఏ టేసన్లో ఉన్నాడో దానికి గడుందా మీ కాయితంలో?" అంది. వెనకనించి ఎవరో మట్టిబెడ్డ విసిరారు. మేస్టారు భుజానికి తగిలి చితికింది. ఆయన దులుపుకోలేదు.

ముసలామె తన గుమ్మంలో కూర్చుని ఉంది. కోడలూ మనవలూ లోపల క్షేమంగానే ఉన్నారు. ఆ ఇంట్లో తీసుకుపోవడానికి మగవాడు లేడు. మేస్టారు ఎప్పటిలాగే నేలమీద కూర్చున్నారు.

"బాబూ, నాకొక్క మాట సెప్పు" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "మా పక్కింటోడు ఎవులికీ ఏటీ పెట్టడు. గంజి కూడా పొయ్యడు, అంత పిసినిగొట్టు. ఆడు పెట్టినాడని నీకెవులు సెప్పినారు?"

ఆ పక్కింటాయన మరి తిరిగి రాలేదు. మిగతావాళ్లు నెలల మీద ఒకరొకరుగా వచ్చారు. ఆయనా, ఇంకొకాయనా రాలేదు. ఆ రోజు ఇది మాకెవరికీ తెలియదు.

"ఎవులూ సెప్పలేదు. నేనే రాసినాను" అన్నారు మేస్టారు.

"ఎందుకు?"

"నీ పేరు విడిగా కనపడకూడదని. నిన్ను కాపాడదామని."

ఆమె తల తిప్పి వీధి చివరిదాకా చూసింది. వీధిలో గుమ్మాల దగ్గర ఆడవాళ్లు నిలబడి మా వైపే చూస్తున్నారు.

"నన్నొగ్గేసి ఆల్లని ఎక్కించినారు. ఇంక ఈ ఈదిలో నాను ఎవులి మొకం సూడాలి?" అంది. "కుండ కాడి నుంచి కుంచం దాకా అన్నీ అడిగినావు బాబూ. ఇదొక్కటీ అడగలేదేటి? అడిగితే సెప్పీదాన్ని గదా, నా పేరే రాసుకోమని."

నేను మధ్యలో ఏదో అనబోయాను. ఇంటికొకటి పంచమన్నది నేనేనని చెప్పబోయానో, అది వెటకారమని చెప్పబోయానో, ఇప్పటికీ నాకు తెలియదు. మేస్టారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు. ఆపి, ఆ చెయ్యి నేలమీద ఆనించి కూర్చుండిపోయారు. ఆమె తొందరపడలేదు. ఆయన మొహంలోకే చూస్తూ, జవాబు కోసం అలాగే కూర్చుంది.